తాకిందా, తాకలేదా?

పోయిన నెల మా రహమత్ నగర్‌లో, ఇషా నమాజు తర్వాత, ఒక డాబా మీద నలుగురు కుర్రాళ్ళు కొట్టుకునే దాకా వెళ్ళారు. కారణం పైసలు కాదు, క్రికెట్టు కాదు, ఫోనులో ఎవరో పెట్టిన ఫోటో కాదు. అట్టముక్క మీద నిలబెట్టిన గుర్రపు రౌతు బొమ్మలు ఎదుటి పక్షం ఈటెల దళాన్ని తాకాయా, తాకలేదా అన్నది. మధ్యలో ఉన్న ఖాళీ సగం వేలి మందం. ఆ సగం వేలి మస్లా మర్నాటికి ఇద్దరు తల్లుల మధ్యకి వచ్చింది, ఆ మర్నాటికి ఇద్దరు తండ్రుల మధ్యకి. జుమా నాటికి హుకుం వచ్చేసింది: పిల్లలెవరూ ఆ డాబా ఎక్కొద్దు, బొమ్మలు అటక మీద పడేయండి.

ఆ హుకుం సరైంది కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ ఆట ఏమిటో చెప్పాలి. చాలామంది అమ్మీలకి, అబ్బాలకి అది పెద్దపిల్లలు సిగ్గులేకుండా ఆడే బొమ్మలాటలాగే కనిపిస్తోంది.

దాని పేరు డీ బెల్లిస్ యాంటిక్విటాటిస్. లాటిన్ పేరు, ఆడేవాళ్ళు డీబీఏ అంటారు. ఇంగ్లండులో ఫిల్ బార్కర్ అనే ఆయన, ఆయన సాథీలు కలిసి రాసిన రూల్సు, 1990లో వచ్చాయి. దాదాపు రెండడుగుల చదరం బల్ల. ఒక్కో పక్షానికి పన్నెండు దళాలు. ఒక్కో దళం 40 మిల్లీమీటర్ల వెడల్పున్న అట్టముక్క, దాని మీద అంటించిన రెండో, మూడో, నాలుగో బొమ్మలు. నీ వంతు వచ్చినప్పుడు పాచిక ఒకటి వేస్తావు. ఎంత పడితే అన్ని దళాలకో గుంపులకో ఆ వంతులో కదిలే ఇజాజత్. ఒకటి పడిందా, పన్నెండింటిలో ఒక్కదాన్నే కదపగలవు, మిగిలిన లష్కర్ అంతా చూస్తూ నిలబడాల్సిందే. సిపాయిలకి హుకుం చేరకపోవడం, ధూళిలో సైగ కనిపించకపోవడం, ఇవన్నీ ఆ ఒక్క పాచికలో పెట్టాడాయన. మొదట నాలుగు దళాలు పోగొట్టుకున్నవాడు ఓడిపోతాడు. బాజీ గంటలో అయిపోతుంది.

బొమ్మలు బయటినుంచి తెప్పిస్తే వేల రూపాయలు. మా పిల్లలకి అంత తాహతు లేదు. ఆ నలుగురిలో ఒకడి అబ్బా సినిమా సెట్లకి అచ్చులు పోసే పని చేస్తాడు. కృష్ణానగర్ అడ్డాలో పొద్దున్నే నిలబడే వందలమందిలో ఒకప్పుడు ఆయనా ఒకడు. ఇప్పుడు కోటగుమ్మాలు, సింహాలు, దర్బారు స్తంభాలు ఆయన చేతిమీదుగా వెళ్తాయి. మిగిలిపోయిన ఫైబర్ ముక్కలు, మైనం, పాత రంగు డబ్బాలు ఇంటికొస్తాయి. గోరంత ఏనుగులు, వాటి మీద అంబారీలు, సూదిమొనంత ఈటెలు ఆ కుర్రాడే చేశాడు. నేను చూశాను. జూబ్లీ హిల్స్ కొండ మీద కోట్లు పెట్టి కట్టే సెట్టు షూటింగ్ కాగానే కూలగొడతారు. ఈ పన్నెండు అట్టముక్కల ఫౌజు ఏడాదిగా ఒక షూ డబ్బాలో భద్రంగా ఉంది.

ఇక తగాదా. ఈ ఆటలో కదలిక ఎంత అన్నది కష్టం కాదు, కొలిస్తే తేలిపోతుంది. కష్టమంతా తాకడం దగ్గరే. దళం పోయి శత్రువుని తాకితే చాలదు. ముందంచు ముందంచుకి ఆనాలి, మూలకి మూల కలవాలి, రెండు అట్టముక్కలూ తలుపు రెక్కల్లా సరిగ్గా కూర్చోవాలి. అప్పుడే లడాయి. మా వాడి గుర్రపు దళం ఏటవాలుగా పోయింది. ఒక మూల ఈటెల అట్టని తగిలింది, రెండో మూలకీ అట్టకీ మధ్య సగం వేలు ఖాళీ. వాడికున్న కదలిక అక్కడికి ఖతం. వాడన్నాడు, "తగిలింది. ఇప్పుడు సర్దుకుంటా." ఎదుటివాడన్నాడు, "సర్దుకోవాలంటే ఇంకా జరగాలి. నీకు జరగడానికి ఏముంది? తొండి!"

ఇద్దరి చేతుల్లో ఒకే కాగితం. ఇద్దరూ ఒకే వాక్యం చదివారు. ఆ పుస్తకం అంగ్రేజీ ఎంత బిగుతుగా ఉంటుందంటే, దాన్ని ఆడేవాళ్ళు ఒక వేరే జబాన్ కింద లెక్కేసి, రాసినాయన పేరు మీదే దానికి పేరు పెట్టారు. ఒక్కో మాట తూచి రాశాడు పాపం, సందేహానికి చోటుండకూడదని. అంత తూచి రాసిన చోటే అందరూ కొట్టుకుంటారు.

కాగితం నా దగ్గరికి తెచ్చారు. "చాచా, మీరు అఖ్బార్ వాళ్ళు గదా, జర దీనికి అసలు మానీ ఏందో చెప్పుండ్రి." ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాడికి ఇలాంటి కాగితం ఇస్తే ఏం చేస్తాడు? ముందు మాటలు పట్టుకుంటాడు. అంగ్రేజీలో ఒక్క మాట ఉన్న చోట మనకెన్ని ఉన్నాయి! ఉర్దూలో ఛూనా వేరు, లగ్నా వేరు, టకరానా వేరు, మిల్నా వేరు. తెలుగులో తాకడం, తగలడం, ముట్టడం, అంటడం, ఆనడం, ఒరుసుకోవడం. పాత తెలుగులో తాకడమంటే యుద్ధంలో ఎదుర్కోవడమే. ముట్టు నుంచే ముట్టడి వచ్చింది, అంటే కోట చుట్టూ కమ్ముకోవడం. ఇక అంటు అనే మాట ఈ దేశంలో ఎన్ని తరాల మనుషుల్ని బావి దగ్గర, గుడి దగ్గర, కూడు దగ్గర ఆపిందో మీకు తెలుసు. తాకడం గురించిన రూలు ఎప్పుడూ ఆటకోసమే పుట్టలేదు. ఎవరు ఎవరిని తాకొచ్చో రాసిపెట్టుకున్న సమాజం మనది. ఇది పక్కదారి, సరే.

ఆ కుర్రాళ్ళకి నేను చెప్పింది వేరే కిస్సా. మీ అందరికీ తెలిసిందే, కానీ ఈ కోణంలో చూసి ఉండరు. హిజ్రీ 5లో ఖందక్ జంగ్ ముగిశాక, ప్రవక్త ముహమ్మద్ (స) సహాబాల్ని బనూ ఖురైజా వైపు బయల్దేరమన్నారు. అసర్ నమాజు అక్కడికి చేరాకే చదవాలన్నారు. దారిలోనే అసర్ వేళ అయిపోవచ్చింది. అప్పుడు సహాబాల్లో ఇఖ్తిలాఫ్ వచ్చింది. హుకుం మాట ఏముందో అదే, చేరాకే చదువుతాం, వేళ దాటినా సరే అన్నారు కొందరు. ఆ హుకుం మురాద్ త్వరగా నడవమనే గానీ నమాజు తప్పించమని కాదు అని మిగతావాళ్ళు దారిలోనే చదివేశారు. తర్వాత విషయం ప్రవక్త (స) ముందుకొచ్చింది. ఆయన ఈ గుంపునీ మందలించలేదు, ఆ గుంపునీ మందలించలేదు. బుఖారీలో, ముస్లింలో ఉన్న రివాయతు ఇది.

చూడండి, అది కూడా కదలిక గురించిన హుకుమే. ఎక్కడిదాకా నడవాలి, ఎక్కడ ఆగొచ్చు. మాటని పట్టుకున్నవాళ్ళు ఒక పక్క, మాట వెనక మురాద్‌ని పట్టుకున్నవాళ్ళు ఒక పక్క. ఆ రెండు పక్కలూ తర్వాత మన ఫిఖ్హ్‌లో ఎంత దూరం వెళ్ళాయో ఆలిములకి తెలుసు. కుర్తుబాకి చెందిన ఇబ్న్ హజ్మ్ జాహిరీ మస్లక్ వాడు. నస్‌లో ఉన్న మాటే హుకుం, కియాస్‌కి చోటు లేదన్నాడు. మన హనఫీ ఫుఖహా కియాస్ మీద, ఇస్తెహ్సాన్ మీద ఇల్లు కట్టారు. వెయ్యేళ్ళు వాదించుకున్నారు, ఒకరి కితాబుకి ఒకరు జవాబు కితాబు రాశారు. వాళ్ళు వాదించుకున్నందుకు మనకి గ్రంథాలయాలు మిగిలాయి. మా నలుగురు పిల్లలు వాదించుకున్నందుకు డాబా తలుపుకి తాళం మిగిలింది.

మరి నా ఫైసలా ఏమిటని అడుగుతారు. తాకింది. అదే నా జవాబు. నిజం మైదానంలో దౌడు తీస్తున్న గుర్రాలు, ఎదురుగా ఈటెలవాళ్ళు. కుడి చివర రౌతు ఢీకొట్టేశాడు, ఎడమ చివర రౌతు నాలుగు గజాల దూరంలో లగాం బిగించి, "నా కదలిక అయిపోయింది హుజూర్" అని నిలబడతాడా? అట్టలు సరిగ్గా కూర్చోవాలన్న షరతు లడాయి లెక్క తేలికగా తెమలడానికి పెట్టింది, లడాయి తప్పించుకునే సందు ఇవ్వడానికి కాదు. మురాద్ చూస్తే అదే తేలుతుంది. అయితే ఈ మాట తర్వాతి బాజీలో వాడికే ఎదురు తిరగాలి. వాడి ఈటెలని ఎవరైనా ఒక్క మూలతో తగిలినప్పుడు కూడా తాకినట్టే. తనకి నష్టమైనప్పుడు కూడా ఒప్పుకుంటానన్న మాట కాగితం మీద రాసి ఇస్తేనే ఈరోజు తాకింది. నేనిది చెప్పగానే తాకింది అన్నవాడు తల గోక్కున్నాడు, తాకలేదన్నవాడు నవ్వాడు. అప్పటికే ఇళ్ళల్లో అగ్గి అంటుకుంది గనక నా ఫైసలా ఎవరికీ అక్కరకు రాలేదనుకోండి.

ఈ మూల-అంచుల తగాదా కొత్తదేం కాదు, కొంచెం తారీఖ్ చెప్పనివ్వండి. బల్ల మీద జంగ్ అనేది అసలు మన దగ్గర మొదలైంది. చతురంగం ఇక్కడ పుట్టి, ఇరాన్‌లో చత్రంగ్ అయి, అరబ్బుల చేతిలో షత్రంజ్ అయింది. అబ్బాసీ ఖలీఫాల బగ్దాదులో దానికి ఉస్తాదులుండేవారు; అల్-అద్లీ, ఆ తర్వాత అస్-సూలీ, వీళ్ళు దాని మీద కితాబులే రాశారు. తాబియీల్లో హజరత్ సయీద్ బిన్ జుబైర్ బోర్డుకి వీపు పెట్టి, చూడకుండా ఆడేవారని రివాయతు. అదే ఆట యూరప్ వెళ్ళి, అక్కణ్ణుంచి ప్రష్యా ఫౌజులో ఇంకో రూపం తీసుకుంది. రైస్‌విట్జ్ అనే బారన్ 1812లో తమ బాద్షాకి ఒక జంగీ బల్ల చూపించాడు. ఆయన కొడుకు, ఫౌజులో లెఫ్టినెంటు, 1824లో దాన్ని నఖ్షా మీద ఆడే ఆటగా మార్చాడు. అందులో ఒక ఖూబీ ఉంది. ఆడేవాళ్ళు మోహ్రాల్ని చేత్తో ముట్టుకోరు. హుకుం కాగితం మీద రాసి మధ్యవర్తికి ఇస్తారు. ఆయన కదుపుతాడు, కొలుస్తాడు, పాచిక వేస్తాడు, పట్టికలు చూసి ఎవరు ఎంతమంది పోయారో చెప్తాడు.

ఆ పట్టికలు ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగాయి. పొద్దుపోయేదాకా లెక్కలే, జంగ్ ముందుకు సాగదు. చివరికి 1876లో వెర్డీ డు వెర్నోయ్ అనే జనరల్, పట్టికలన్నీ పక్కనపెట్టండి, తజుర్బా ఉన్న మధ్యవర్తి ఏది సబబంటే అదే అన్నాడు. అప్పటినుంచి రెండు రకాలూ నడిచాయి. బిగుతు రూల్సుది ఒకటి, మధ్యవర్తి అఖల్ మీద నడిచేది ఒకటి. మొదటిదాంట్లో కాగితమే ఖాజీ. రెండోదాంట్లో మనిషి ఖాజీ. మనిషి ఖాజీ అయినప్పుడు వాడు ఎవరు, ఎవరికి భయపడతాడు, ఎవరి మేనల్లుడు అనే సవాళ్ళు మొదలవుతాయి. మన మొహల్లాలో ఏ రూలైనా చివరికి ఆగేది అక్కడే.

1913లో ఇంగ్లండులో హెచ్.జి. వెల్స్, అదే అంతరిక్షం నవలలు రాసినాయన, పిల్లల సీసపు సిపాయిలతో ఆడే జంగ్‌కి రూల్సు పుస్తకం అచ్చు వేశాడు. ఫౌజీలకి కాదు, ఇంట్లో నేల మీద ఆడుకోవడానికి. జంగ్ అంటే సరిపడని మనిషి. పెద్ద యుద్ధం కంటే ఈ చిన్న యుద్ధం ఎంతో మేలని ఆయన వాదన. మర్నాడే అన్నట్టు 1914 వచ్చింది.

బిగుతుగా రాసిన రూలు, కళ్ళెదురుగా జరిగిన తప్పు, అయినా ఇన్సాఫ్ జరగని కథ ఒకటి చెప్తాను. చదరంగంలో పావుని ముట్టుకుంటే కదపాలి. గడిలో పెట్టి చెయ్యి వదిలేస్తే ఇక అంతే. ఇంతకంటే సాఫ్ రూలు ప్రపంచంలో ఉండదు. 1994లో స్పెయిన్‌లోని లినారెస్ టోర్నీ. ఒక పక్క ప్రపంచ చాంపియన్ గ్యారీ కాస్పరోవ్. ఎదురుగా హంగరీకి చెందిన పదిహేడేళ్ళ అమ్మాయి జూడిట్ పోల్గార్. కాస్పరోవ్ గుర్రాన్ని ఒక గడిలో పెట్టాడు, చెయ్యి వదిలాడు, పొరపాటు చాల్ అని తెలిసి మళ్ళీ పట్టుకుని వేరే గడిలో పెట్టాడు. ఆ పిల్ల చూసింది. నోరు విప్పి ఫిర్యాదు చెయ్యలేదు. ఎదుటివాడు ప్రపంచ చాంపియన్, తనవైపు గవాహీ ఎవరు చెప్తారు? బాజీ కాస్పరోవే గెలిచాడు. తర్వాత టీవీ కెమెరా తీసిన బొమ్మల్లో తేలింది, సెకనులో నాలుగో వంతు సేపు ఆ గుర్రం ఎవరి చేతిలోనూ లేదని.

రూలు ఉంది. చూసినవాళ్ళున్నారు. లేనిదల్లా చిన్నవాడు పెద్దవాణ్ణి "ఆగు" అనగలిగే మాహోల్. మన డాబాల మీద, క్యారమ్స్ బోర్డుల చుట్టూ, గల్లీ క్రికెట్టులో రోజూ జరిగేది ఇదే. బ్యాటు ఎవడిదో రూలు వాడిది. వయసులో పెద్దోడు "నై లగా" అంటే నై లగా. ఎనిమిదేళ్ళ పిల్లాడు స్ట్రైకర్ గీత తాకలేదని చూసినా గుటక వేసి ఊరుకుంటాడు. పదిసార్లు అలా ఊరుకున్నాక వాడు రెండింటిలో ఒకటి నేర్చుకుంటాడు: ఎప్పటికీ నోరెత్తకపోవడం, లేదా తను పెద్దోడయ్యే రోజు కోసం కాచుకోవడం. తర్బియత్ అంటే ఖుర్ఆన్ నాజిరా పూర్తి చేయించడం ఒక్కటే కాదు కదా. గవాహీ దాచొద్దని మన దీన్ ఎంత గట్టిగా చెప్తుంది! గవాహీ చెప్పే అలవాటు పిల్లాడికి ఎక్కడ పడాలి? కచేరీలోనా? స్ట్రైకర్ గీత దగ్గర పడాలి.

అందుకని ఆట ఆపేయడం కంటే ఆటకి ముందు ఒక పావుగంట కూర్చోబెట్టడం మేలంటాను. ఏది తాకడం, ఏది కాదు, కొలిచేది అట్ట ముందంచు నుంచా వెనకంచు నుంచా, చెయ్యి వదిలాక వెనక్కి తీసుకోవచ్చా. ఎవరికి లాభమో ఇంకా తెలియకముందే ఇవన్నీ తేల్చుకోవాలి. పాచిక పడ్డాక ఏ మనిషీ నిజాయితీగా రూలు చదవలేడు. కదిపే ముందు నియ్యత్ నోటితో చెప్పాలి: "ఈ దళం ఆ దళాన్ని కొట్టడానికి పోతోంది" అని. చెప్పి కదిపినవాడితో సగం వేలి మీద తగాదా ఉండదు, ఎందుకంటే అందుతుందా అందదా అని ఇద్దరూ ముందే కలిసి కొలుస్తారు. చెప్పకుండా కదిపి, ఎక్కడ ఆగిందో చూసుకుని, అప్పుడు నియ్యత్ మార్చుకునేవాడితోనే అన్ని తగాదాలూ.

ఊరు మారితే రూలు మారుతుందని కూడా పిల్లలకి తెలియాలి. పులి-మేక ఆట కొన్ని ఊళ్ళలో మూడు పులులతో ఆడతారు, కొన్ని ఊళ్ళలో నాలుగుతో. రెండూ ఆటే. చదరంగంలో మీర్ సుల్తాన్ ఖాన్ సంగతి తీసుకోండి. పంజాబులో హిందుస్తానీ పద్ధతిలో ఆట నేర్చుకున్నాడు. అక్కడ ప్యాదా మొదటి చాల్‌లో రెండు గడులు దూకదు, బాద్షాకి కోట కట్టుకునే పద్ధతి వేరు. 1929లో లండన్ వెళ్ళి, తెల్లవాళ్ళ రూల్సు అప్పటికప్పుడు ఒంటబట్టించుకుని, అదే ఏడాది బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. 1932లో, 1933లో మళ్ళీ అయ్యాడు. కాపాబ్లాంకా అంతటివాణ్ణి ఓడించాడు. ఇంటికి తిరిగొచ్చి సర్గోధాలో 1966లో కన్నుమూశాడు. గ్రాండ్‌మాస్టర్ అన్న గౌరవం 2024లో గానీ దక్కలేదు, ఆయన లేని 58 ఏళ్ళకి. తన ఊరి రూలే అసలు రూలని జిద్దు చేసి ఉంటే ఆ బోర్డు ముందు కూర్చునేవాడే కాదు.

ఇప్పుడు అసలు నొప్పి దగ్గరికొస్తాను. ఆ తగాదా తండ్రుల దాకా పోయింది సగం వేలి వల్ల కాదు. ఆ రోజు వాళ్ళు ఆడుతున్నది 1565 నాటి జంగ్, మనం తాళికోట అని చదువుకున్నది, రాక్షసి-తంగడి అని కూడా అంటారు. ఈ రూల్సు పుస్తకం అసలు 1500 దగ్గరే ఆగిపోతుంది; మా వాళ్ళు ఆ 65 ఏళ్ళని పెద్దగా పట్టించుకోలేదు. ఆ నలుగురిలో ఇద్దరు మన పిల్లలు, ఇద్దరు హిందువుల పిల్లలు. ఎవరు ఏ పక్షం తీసుకున్నారో నేను చెప్పక్కర్లేదు. తొండి, తొండి అని మొదలైన మాట కాసేపటికి "మీవాళ్ళు అప్పుడూ ఇంతే" అయింది. ఎవరు ముందన్నారని విచారించి లాభం లేదు. పదహారో శతాబ్దం నాటి ఫౌజుని ఇవాళ్టి టీ హోటల్ బెంచీ మీద ఎవరు కూర్చోబెట్టారో మనందరికీ తెలుసు.

ఆ పిల్లలకి స్కూలు పుస్తకం చెప్పని సంగతులున్నాయి. ఆ జంగ్‌లో గోల్కొండ లష్కర్ నడిపిన ఇబ్రహీం కుతుబ్ షా, తఖ్తు ఎక్కకముందు తన అన్న భయానికి పారిపోయి ఏడేళ్ళు తలదాచుకున్నది ఎక్కడో కాదు, విజయనగరంలోనే, అదే అళియ రామరాయల పనాహ్‌లో. తెలుగు అక్కడే ఆయనకి ఇష్టమైంది. సుల్తాన్ అయ్యాక అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. తెలుగు కవులకి ఆయన మల్కిభరాముడు. ఆయన దర్బారులోని అమీన్ ఖాన్‌కి పొన్నగంటి తెలగన అచ్చ తెలుగులో యయాతి చరిత్ర రాసి ఇచ్చాడు. విజయనగరం ఫౌజులో ముసల్మాన్ సర్దార్లున్నారు, సుల్తానుల ఫౌజుల్లో హిందూ నాయకులున్నారు. ఉప్పు తిన్న ఇంటిమీదికి కత్తి తీసుకెళ్ళాడని ఇబ్రహీంని నిందించొచ్చు, నాకేం అభ్యంతరం లేదు. కానీ "మీవాళ్ళు", "మావాళ్ళు" అని ఆ మైదానాన్ని రెండుగా చీల్చి గీత గీయడానికి ఏ టేపూ సరిపోదు.

ఈ ఆటకి ఇంకో రివాజు ఉంటే బాగుంటుంది: ఒక బాజీ కాగానే పక్షాలు మార్చుకోవాలి. రామరాయల ఏనుగులు మన వాడికి, నిజాంషాహీ తోపులు వాళ్ళ వాడికి. ఒక సాయంత్రం రామరాయలుగా కూర్చుని, నలుగురు సుల్తానులు ఒకటై వస్తుంటే ఏ దళాన్ని ఎక్కడ ఆపాలో తెలియక తల పట్టుకున్నవాడు, ఆ మనిషిని వెంటనే దుష్మన్ అనలేడు. స్కూల్లో పాఠం చదివితే రాని ఎరుక ఇది. పైగా పాచిక అన్నది ఎవరి మతమూ అడగదు. ఒకటి పడితే రాయలైనా, సుల్తానైనా చేతులు ముడుచుకోవాల్సిందే.

ఇక దీనీ ఏతరాజ్‌లు. నేను ఆలిమ్‌ని కాను, ఫత్వా నా పని కాదు. తల్లులు అడిగినవి రెండు. ఒకటి, షత్రంజ్ లాంటి ఆట జాయిజేనా? హనఫీ ఉలమా షత్రంజ్‌ని మక్రూహ్ తహ్రీమీ అన్నారు. ఇమాం షాఫిఈ దగ్గర పందెం లేకుండా, నమాజు తప్పకుండా, నోరు జారకుండా ఉంటే కొంత నర్మీ ఉంది. రెండు వైపులా భయం ఒకటే: జూదం, గఫ్లత్, గొడవ. రెండోది, మనుషుల, జంతువుల బొమ్మలు ఇంట్లో ఉండొచ్చా? దీంట్లోనూ ఇఖ్తిలాఫ్ ఉంది. హజరత్ ఆయిషా (రజి) బొమ్మల మధ్య గుడ్డ రెక్కలున్న గుర్రం కనిపిస్తే ప్రవక్త (స) అదేమిటని అడగడం, సులైమాన్ (అలై) గుర్రాలకి రెక్కలుండేవి కదా అని ఆమె అనడం, ఆయన నవ్వడం అబూ దావూద్‌లో ఉంది. పిల్లల బొమ్మలకి రుఖ్సత్ ఇచ్చినవాళ్ళు దీన్నే దలీల్‌గా చూపిస్తారు. మనసుకి సరిపడకపోతే తలలు లేకుండా చెక్కుకోవచ్చు, షత్రంజ్ మోహ్రాల్లాగా. ఆటకి అట్టముక్క కొలతే ముఖ్యం, మూతి కాదు. మీ మస్జిదు ఇమాం సాబ్‌ని అడగండి. అడిగి తేల్చుకోండి, అడక్కుండా అటక మీద పడేయకండి.

ఎందుకంటే డాబా తలుపు మూసిన రోజు నుంచి ఆ నలుగురి చేతుల్లోకి వచ్చిందేమిటో నేను చూస్తున్నాను. ఫోను. తెలంగాణలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలు 2017 నుంచే నిషేధం. 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. అయినా దొడ్డిదారులు వెతుక్కునే పిల్లలు ప్రతి గల్లీలో ఉన్నారు, అప్పుల్లో పడ్డ ఇళ్ళు మన బస్తీలోనే నాకు రెండు తెలుసు. ఆ ఆటలో ఎదుటివాడి మొహం కనిపించదు. తొండి చేసింది మనిషో మిషనో తెలియదు. రూలు చదివి నిలదీయడానికి ఎవరూ ఉండరు, "నై లగా" అని అరవడానికి కూడా. అట్టముక్కల మీద పోట్లాడుకున్న పిల్లల్ని ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చేసి మనం అమన్ సాధించామా?

ఇంకొక్క సంగతి, ఎవరూ ప్రస్తావించలేదు గనక. ఆ డాబా మీద నలుగురు కాదు, ఐదుగురు ఉండేవారు. అచ్చులు పోసే ఆయన కూతురు, పదో తరగతి పిల్ల, మెట్ల మీద కూర్చుని రూల్సు కాగితాలన్నీ చదివింది. ఎవరి దళం ఎవరి ముందున్న చోటులోకి పోతే ఎటు కదలకూడదో అన్నదమ్ములకంటే ఆమెకే బాగా తెలుసు. అట్ట వెడల్పు అంత లోతు వరకు శత్రువు ముందు నేల ప్రమాదపు జాగా, అందులో అడుగుపెట్టినవాడు ఎదుర్కోవాలి లేదా నేరుగా వెనక్కి తగ్గాలి అని నాకు విడమర్చి చెప్పింది ఆ పిల్లే. ఆమెకి ఎవరూ పాచిక ఇవ్వలేదు. మధ్యవర్తిగా కూర్చోబెట్టండి అని నేనంటే అబ్బాయిలు నవ్వారు. 2024లో అమెరికాలో జరిగిన క్యారమ్ ప్రపంచ పోటీల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది ఎవరు? చెన్నైలో ఆటో నడిపే ఒక ముసల్మాన్ కూతురు, ఖాజిమా. పదిహేడేళ్ళ పిల్ల. ఆమెని బోర్డు ముందు కూర్చోనిచ్చిన ఇంట్లో ఆ మూడు పతకాలూ ఉన్నాయి.

మన దగ్గర అరవై, ఎనభై గజాల ఇళ్ళు. రెండడుగుల బల్ల వేయడానికి చోటు డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కనే ఉంటుంది, అదీ వాన లేకపోతే. షాదీఖానా హాలు పెళ్ళిళ్ళు లేని ఆదివారాల్లో తాళం వేసి ఉంటుంది. కమిటీ పెద్దల్ని అడుగుతున్నాను: జుహర్ తర్వాత అసర్ దాకా ఆ హాలు తెరిచి ఉంచండి. రెండు బల్లలు, ఒక ఫ్యాను, లైట్లు. పందెం ఉండదు, ఫోన్లు గుమ్మం దగ్గర పెట్టి రావాలి, అజాన్ వినగానే ఎక్కడి బాజీ అక్కడే ఆగిపోతుంది. హిందువుల పిల్లలు వస్తే రానివ్వండి. మధ్యవర్తిగా కూర్చోవడానికి ఒకమ్మాయి తయారుగా ఉంది, రూల్సు ఆమెకి కంఠస్థం.